వలదులిపి

పద్మనాభయ్య ఆ పొద్దు పెట్టుకున్న పని ఒక్కటే. మందుల షాపు పెందలాడే మూసేసి, భార్య ధనలక్ష్మిని వెంటబెట్టుకుని, నెల్లూరులో రైలెక్కి, సూళ్లూరుపేటలో మరదలి గృహప్రవేశానికి కనీసం భోజనాల వేళకైనా చేరాలి. ధనలక్ష్మి పట్టుచీర కట్టుకుని, పూలు పెట్టుకుని, షాపు ముందు ఆటోలో కూర్చునే ఉంది. ఆయన షట్టరు సగం దించాడు కూడా. ఆ సగం షట్టరు కింద నుంచి వంగి లోపలికొచ్చాడు జాలర్ల పల్లెపాలెం పెద్ద ముత్యాలయ్య, చంకలో తుండుగుడ్డ మూటతో.

మూటలో ఉన్నది తాటాకుల కట్ట. గంగమ్మ గుడి పైకప్పు పెంకులు మారుస్తుంటే వాసాల సందులో దొరికిందట. ఎవరు రాశారో, ఎప్పుడు రాశారో పాలెంలో పండు ముసలివాళ్లకు కూడా తెలియదు. బడిపంతులుకు చూపిస్తే, అచ్చక్షరాలైతే చదువుతాను గానీ ఈ జిలేబీలు నావల్ల కాదని చేతులెత్తేశాడట. అప్పుడెవరో అన్నారట, డాక్టరు రాత చదివేవాడికి బ్రహ్మరాత కూడా ఒక లెక్కా అని. తోటపల్లి గూడూరు చుట్టుపక్కల డాక్టర్ల రాత చదవగల మొనగాడు పద్మనాభయ్య ఒక్కడే మరి.

ఆ కీర్తి వెనక ఒక గుట్టు ఉంది. చీటీ అర్థం కానప్పుడు పద్మనాభయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, స్టాకుందేమో చూసొస్తానని వెనక గదిలోకి పోయి, ఆస్పత్రికి ఫోన్ చేసి కనుక్కునేవాడు. ఒక్క మాత్ర తప్పుగా ఇచ్చిన పాపాన పోలేదు. కానీ చూడగానే చదివేస్తాడన్న పేరు ఊరికే వచ్చి ఒళ్లో పడింది, దాన్ని ఆయన తీసి కింద పెట్టలేదు. ఇప్పుడీ తాటాకు రాసిన మహానుభావుడికి ఫోన్ చేద్దామంటే ఏ నంబరుకు చేయాలి?

"ముత్యాలన్నా, ఇది నాకు చదవను రాదు," అన్నాడు నిజాయితీగానే.

ముత్యాలయ్య ముఖంలో కోపం లేదు, ఎగతాళి లేదు. ఉన్నదంతా ఉత్త అయోమయం. "డాక్టరు గీతలు చదివేటోడివి, ఇది రాదంటే ఎట్ట? మరి మా అమ్మకి ఇన్నాళ్లూ ఏం చూసి మాత్రలిచ్చినావు?" అన్నాడు.

ఈ ప్రశ్న ఒక్క నోట పుడితే చాలు, రేపటికి పాలెమంతా పాత మాత్రల అట్టలు పట్టుకుని షాపు ముందు నిలబడుతుంది. నమ్మకం మీద నడిచే షాపు, అది పోతే తాళం వేసుకోవడమే. బయట ఆటోలోంచి ధనలక్ష్మి గాజుల చప్పుడు గట్టిగా వినిపిస్తోంది. ఆ చప్పుడుకు అర్థం మాత్రం ఆయన ఎవరికీ ఫోన్ చేయకుండానే చెప్పగలడు. గబగబా పై ఆకు తీసి, పుండ్లకు పూసే నీలం మందు దూదితో అద్ది రుద్దాడు. గీతల్లోకి రంగు దిగి అక్షరాలు లేచాయి. పదానికీ పదానికీ ఎడం లేదు, చుక్క లేదు. కళ్లు చిట్లించి, కూడబలుక్కుని, ఒక్క వరుస పట్టుకున్నాడు: కడలికివలదులిపిపోవలె.

"కడలికి వలదు. లిపి పోవలె," అని విరిచి చదివాడు. అంటే ఏందని ముత్యాలయ్య అడిగితే, సముద్రానికి పోవద్దు, రాత పోవాలి అని అర్థం చెప్పి, కట్ట చేతిలో పెట్టి, షట్టరు పూర్తిగా దించి ఆటోలో పడ్డాడు.

సూళ్లూరుపేటలో విస్తట్లో పులిహోర పడే వేళకు మొదటి ఫోన్ వచ్చింది. పాలెంలో దురాయి వేశారట. పెద్దలు దురాయి వేశారంటే ఆ కట్టుబాటు దాటి ఒక్క పడవ కూడా నీళ్లలోకి దిగదు. గంగమ్మే సముద్రానికి వలదంటే ఇక దిగేదెవరు? పాయసం దగ్గర రెండో ఫోన్ వచ్చింది. రాత పోవాలి సరే, ఏ రాత అని పాలెంలో తర్జనభర్జన జరిగి, పడవల మీది రాతే అయి ఉంటుందని తేల్చి, పేర్లూ నంబర్లూ గీకేస్తున్నారట. మజ్జిగన్నం దాకా పద్మనాభయ్య ఆగలేదు. మరదలు మేడ మీది గది చూపిస్తానన్నా ఎక్కలేదు. పుట్టింటివాళ్ల ముందు పరువు తీశారని ధనలక్ష్మి దారి పొడుగునా సణుగుతూనే వచ్చింది.

మర్నాటికి వ్యవహారం ముదిరింది. ఫైబరు పడవలన్నీ ఒకే అచ్చు, ఒకే నీలం రంగు. పేర్లు పోయాక ఎవరిది ఏదో తెలియక, ఇది నాదంటే నాదని పెంచల్ అనేవాడూ వాడి సొంత బావమరిదీ జుట్లు పట్టుకున్నారు. నంబర్లు లేని పడవలు ఒడ్డున బారులు తీరాయని తెలిసి మెరైన్ పోలీసులు జీపులో దిగారు. ఇవి ఎక్కడి పడవలని వాళ్లు అడిగితే, గంగమ్మ ఆజ్ఞ అని వీళ్లు చెప్పారు. ఇంతలో ఎవరికో ఇంకో అనుమానం పుట్టింది. లిపి పోవాలంటే ఈ తాటాకు కూడా పోవాలి కదా, తీసుకెళ్లి సముద్రంలో కలపాలి కదా అని. కలపాలంటే సముద్రానికి పోవాలి, అది వలదు. ఈ ముడి పాలెంలో ఎవరికీ విడలేదు.

భక్తి పాలెంలోనే ఆగినా బాగుండేది. కుర్రాళ్లు కొందరు వచ్చి, ఎంతో మర్యాదగా అడిగి, తాను చదివిన మాటను తానే కాదనలేక పద్మనాభయ్య చూస్తూ నిలబడగా, షాపు బోర్డుకు సున్నం కొట్టిపోయారు. ఎర్ర ప్లస్సు గుర్తు అక్షరం కాదు కాబట్టి దాన్ని వదిలేశారు. డాక్టరు చీటీలు కూడా రాతే కదా అని కొందరు వాటిని చించేసి, ఉత్త చేతులతో మందులకొచ్చారు. నిజం చెప్పాలంటే దానివల్ల ఆయన పనికి పెద్ద తేడా రాలేదు.

మూడో రోజు చేపలమ్మే కామమ్మ ఇంటికొచ్చింది. ఖాళీ గంప బోర్లించి మెట్టు మీద కూర్చుంది. ఆయన్ని పల్లెత్తు మాట అనలేదు. "అమ్మ వద్దన్నాక ఏం జేస్తాంలే సామీ. పిలకాయలే, పులుసు లేకుండా ముద్ద దిగదంటా ఉండారు," అని చెప్పి, గంప ఎత్తుకుని పోయింది. తిట్టినా బాగుండేది. పద్మనాభయ్యకు తన మీద తనకే రోత పుట్టింది.

ఇక ఆయనకు కూర్చుంటే నిలబడాలని, నిలబడితే నడవాలని. ఇంట్లోకీ వాకిట్లోకీ కాలు కాలిన పిల్లిలా తిరుగుతుంటే, చూసి చూసి ధనలక్ష్మి గడప దగ్గరున్న గోనెపట్టా చూపించింది. పాలెం నుంచి వచ్చిపోయేవాళ్ల కాళ్ల ఇసకంతా దాని మీదే ఉంది.

"ఊరికే తిరగకపోతే, ఆ పట్టా కాస్త దులిపి పోకూడదా?" అంది.

పద్మనాభయ్య ఉన్నచోటే ఆగిపోయాడు. పట్టా దులిపి పో. వల దులిపి పో. కడలికి, వల దులిపి, పోవలె. సముద్రానికి పోయేవాడు వల శుభ్రంగా దులుపుకుని పొమ్మని ఏ పెద్దాయనో బుద్ధి చెప్పి రాసుకున్న మాట అది. తాను తీసుకెళ్లి ఆ 'దు'ను వలకు అతికించి, ఊరినంతా ఒడ్డున కూర్చోబెట్టాడు. ఇసక పట్టా మీదే కూలబడి భార్యకు సంగతంతా చెప్పాడు.

"పోయి చెప్పండి," అందామె.

"చెప్తే మాత్రల సంగతి ఎత్తుతారు."

"ఎత్తితే ఎత్తనీండి. ఖాళీ గంప ఎత్తుకుని పోయిందే, ఆమెకేం చెప్తారు?"

ఆయన ఇసక దులుపుకుని లేచాడు. చొక్కా కూడా మార్చుకోకుండా స్కూటరెక్కాడు. షాపు పోతే పోయింది, ఉన్నదున్నట్టు చెప్పేస్తాను, ఫోన్ల సంగతి కూడా చెప్పేస్తాను అని పాలెం దాకా వల్లె వేసుకుంటూనే పోయాడు.

గుడి దగ్గర జనం మూగి ఉన్నారు. మధ్యలో ముత్యాలయ్య, చేతిలో ఒక కాగితం. తాటాకు ఫొటో వాట్సాప్‌లో తిరిగి తిరిగి, నెల్లూరులో పాత గ్రంథాలు చదివే హజరత్తయ్య గారనే పండితుడి దాకా పోయిందట. ఆయన పొద్దున్నే కారులో వచ్చి, భూతద్దం పెట్టి ఆకులన్నీ చదివి, సంగతంతా కాగితం మీద రాసి ముత్యాలయ్య చేతిలో పెట్టి, వేరే ఊళ్లో సన్మానం ఉందని హడావుడిగా వెళ్లిపోయాడట. ఆ మాట పద్మనాభయ్య జనం వెనకే నిలబడి విన్నాడు. తానంతట తాను ఒప్పుకోవడం వేరు, కాగితం ముఖాన పెట్టి నిలదీయించుకోవడం వేరు. మెల్లగా స్కూటరు వైపు తిరగబోయాడు. ఎవరో చూసి, చెయ్యి పట్టుకుని గుడి ముందుకు లాక్కొచ్చారు.

"ముత్యాలన్నా, ముందు నా మాట విను. నేను చదివింది ఉండాదే..." అని మొదలుపెట్టాడు.

"నీ మాట తర్వాత. ముందిది చూడు," అని ముత్యాలయ్య కాగితం అందించి, గొంతు తగ్గించాడు. "ఆయన రాసిచ్చింది మాలో ఒక్కడికీ అర్థం కాలా. అంత పెద్దాయన్ని పట్టుకుని, ఏం గీకినావయ్యా అని అడిగితే బాగుండదు గదా. నువ్వైతే చదువుతావు."

పద్మనాభయ్య కాగితం చూశాడు. తిప్పి చూశాడు. ఆయన ఇన్నేళ్ల షాపులో ఏ డాక్టరూ అంత ఘోరంగా రాసిన పాపాన పోలేదు. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. కానీ ఈసారి తడుముకోలేదు. గొంతు సవరించుకుని, అందరికీ వినపడేలా, "కడలికి వల దులిపి పోవలె," అని చదివాడు. మొన్న తాను విరిచి చదివింది తప్పనీ, పడవలు దింపుకోవచ్చనీ, పేర్లూ నంబర్లూ మళ్లీ రాయించుకోవచ్చనీ పండితుడు వివరంగా రాశాడన్నాడు. తప్పు నీది కాదు, ఎడం లేకుండా రాసినోడిదని ముత్యాలయ్యే ఓదార్చాడు. దురాయి ఎత్తేశారు. పాలెమంతా ఒక్కసారి ఒడ్డు వైపు కదిలింది. మిగతా ఒప్పుకోలు మాట పద్మనాభయ్య నాలుక చివరే ఉంది. కామమ్మ గంప నెత్తిన పెట్టుకుని నవ్వుతూ పోతుంటే చూసి, దాన్ని అట్టే మింగేశాడు.

ముత్యాలయ్య కాగితం భద్రంగా మడిచి జేబులో పెట్టుకున్నాడు. నాలుగడుగులు వేసి, ఏదో అనుమానం వచ్చినట్టు వెనక్కి వచ్చాడు.

"వల దులిపేది తినకముందా, తిన్నాకా?"

"తిన్నాక," అన్నాడు పద్మనాభయ్య, అలవాటు కొద్దీ.

ఆ పాలెంలో ఇప్పటికీ వల దులపకుండా పడవ దింపరు, చద్దన్నం తినకుండా వల దులపరు.