వరస కుదిరిన వీరుడు

ఆదివారం పొద్దున బైరాగి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి అట్ట కత్తికి వెండి కాగితం అంటించడం, పదింటికి ఆఖరి రిహార్సలు, సాయంత్రం ఆరింటికి బెంగాల్లోని ఓడరేవు వాడ ఖిదిర్‌పూర్ తెలుగు సంఘం స్టేజీ మీద రాక్షసుణ్ని చంపించి రాకుమారిని విడిపించడం. ఈ ఏడు నాటకం ఆడకపోతే ఇకమీదట స్టేజీని ఆర్కెస్ట్రా వాళ్లకిచ్చేస్తామని కమిటీ ఖరాఖండిగా చెప్పేసింది. ముప్పై ఏళ్లుగా నాటకం ఆడించడం తప్ప వేరే సరదా ఎరగని బైరాగికి వారం రోజులుగా ఆ మాటే గుండెల్లో గుచ్చుకుంటోంది.

కత్తికి సగం కాగితం అంటుకుందో లేదో ఫోన్ మోగింది. హీరో, మేనల్లుడు ప్రసన్నకుమార్.

"మావా, ఓడ ముందే వొచ్చీసింది. డాకులో డబల్ డ్యూటీ ఏసీసారు. నాను రాలేను."

"మరి రాక్షసుణ్ని ఎవులు సంపుతార్రా?"

"ఎవులోకలు సంపుతార్లే!"

వీరుడు దొరకడం కష్టమా! వాడలో మీసమున్న ప్రతివాడూ సిద్ధమే. చిక్కల్లా వరస దగ్గర వచ్చింది. ఆఖరి రంగంలో వీరుడు రాకుమారి మెడలో దండ వేయాలి. రాకుమారి వేషం బైరాగి అన్న కూతురు ప్రేమకుమారిది. ప్రసన్నకుమార్ ఆమెకు మేనత్త కొడుకు కనక ఇన్నాళ్లూ ఎవరికీ నొప్పి లేకపోయింది. ఇప్పుడు చూస్తే, వేషానికి ముందుకొచ్చిన వాళ్లలో రాజా ఆమెకు అన్న వరస, సంజయ్ చిన్నాన్న వరస. గోవిందరాజు మేనమామ వరస కుదిరాడు గానీ, అతని వెనకే పెళ్లాం చీపురుతో వచ్చింది.

"ఆ గుంట మెడలో దండేసి నా గుమ్మం తొక్కు, సెప్తాను!"

"దండ తీసీ సిన్నాన్నా," అంది ప్రేమకుమారి.

"దండే లేకపోతే ఏడు సముద్రాలు ఎందుకు దాటినట్టే?" అని కసిరాడు బైరాగి.

ఏ వరసా లేని మనిషి కావాలి. టీ కొట్టు బెంగాలీ బిశు గుర్తొచ్చాడు. ఆరడుగుల మనిషి, అడగ్గానే సంబరంగా ఒప్పుకున్నాడు కూడా. బైరాగి భార్య కామాక్షమ్మ అంట్లు తోముతూ తలెత్తకుండానే అడిగింది.

"మన గుంట ఆడినేటని పిలుస్తాది?"

"బిశు దాదా అని..." బైరాగి నాలిక కరుచుకున్నాడు. దాదా అంటే అన్నయ్యే కదా, ఖర్మ!

మధ్యాహ్నం రెండయింది. వీరుణ్ని మార్చలేక రాకుమారినే మారుద్దామన్నారు. మరి మాటలెవరికొచ్చు? ముప్పై ఏళ్ల రిహార్సళ్లకీ టీలు కాచిన కామాక్షమ్మకొచ్చు. ఆమె రాకుమారి అయ్యాక వీరుడెవరో వేరే అడగక్కర్లేకపోయింది. బైరాగి వాడలో వాళ్లందరికీ వేషాలు నేర్పాడే గానీ తన ముఖానికి ఒక్కసారీ రంగు పూసుకోలేదు.

"నానా?" అన్నాడు బెదిరిపోయి.

"మరెవులు? వరస కుదిరినోడివి నువ్వొక్కడివే," అంది కామాక్షమ్మ.

సాయంత్రం తెర లేచింది. రాక్షసుడు మల్లేశు, బైరాగికి సొంత తమ్ముడు. రాకుమారిని జుట్టు పట్టి ఈడ్చుకుపోవాలి. తల్లిలాంటి వదిన జుట్టు మీద చేయి వేయలేక, చేతులు కట్టుకుని, "వొదినా, గుహకెల్దాం పద," అన్నాడు. జనం విరగబడి నవ్వారు. సరిగ్గా ఆ నవ్వుల మధ్యకే కత్తి పట్టుకుని బైరాగి వచ్చాడు.

ఎదురుగా నాలుగొందల ముఖాలు. "ఓరి..." అన్నాడు. తర్వాతి మాట రాలేదు. ఇంకోసారి "ఓరి" అన్నాడు. ముందు వరసలో కమిటీ ప్రెసిడెంటు వాచీ చూసుకుని లేచాడు. ముప్పై ఏళ్ల నాటకం తన చేతుల్లోనే చచ్చిపోయిందని బైరాగికి నిజంగానే ఏడుపొచ్చింది.

కామాక్షమ్మ ఆ కన్నీళ్లు చూసింది. గుహలోంచి విసురుగా వచ్చి కత్తి లాక్కుంది.

"ఏడు సముద్రాలు దాటి నా మొగుడు అలిసిపోనాడు. నువ్విటు రారా రాక్షసా!"

వీరుడి మాటలన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పి ఒక్క పోటు పొడిచింది. మల్లేశు వదినకు దణ్ణం పెట్టి మరీ చచ్చాడు. దండ కూడా ఆమే తీసి మొగుడి మెడలో వేసింది. ఈలలతో హాలు అదిరిపోయింది.

ప్రెసిడెంటు స్టేజీ ఎక్కి, వచ్చే ఏడూ ఈ రోజు నాటకానిదేనని మైకులో చెప్పాడు. బైరాగి పొంగిపోయి చేయి చాచాడు. ప్రెసిడెంటు అతన్ని దాటుకుని వెళ్లి, "ఇకమీదట మీరే ఆడించాలమ్మా," అని కామాక్షమ్మకు నమస్కరించాడు.

సోమవారమే ఆమె వచ్చే ఏటి వేషాలు పంచేసింది. బైరాగికి తెర లాగే పని ఇచ్చింది, అదీ ఓ నెల చూశాక ఖాయం చేస్తుందట.