గాడిద గుర్తుపట్టిన జాకెట్

శనివారం పొద్దున్న అల్లుడుగారి పథకం చాలా తేలికైనది. ఇండియా నుంచి చూడ్డానికి వచ్చిన అత్తమామల్ని ఊరి చివర ఉన్న చిన్న ఫారానికి తీసుకెళ్లాలి, అక్కడి జంతువులన్నీ తనని చూసి పరిగెత్తుకు రావాలి, ఆ దృశ్యం మామగారు కళ్లారా చూడాలి. ఆ తర్వాత ఈ పరాయిదేశంలో తన పరువుకి ఢోకా ఉండదు.

ఎందుకంటే ఆ పరువంతా ఒక్క అబద్ధం మీద నిలబడి ఉంది. మామగారు రిటైరైన పశువుల డాక్టరు. సంబంధం మాట్లాడుకున్న రోజున ఆయన "మూగజీవాలంటే ఇష్టమేనా?" అని అడిగితే, ఇతగాడు "ప్రాణమండి" అనేశాడు. పెళ్లి అయిపోయింది. మనిషి చూస్తే, కోడి ఎదురైనా రోడ్డు దాటిపోయే రకం. పిల్లిని పెంచుకుందామని భార్య అన్నప్పుడల్లా ఇంటి ఓనరు ఒప్పుకోడని చెబుతూ వచ్చాడు. ఓనరు ఇంట్లో పిల్లుల సంత ఉన్న సంగతి ఆమెకింకా తెలియదు.

అందుకని ముందురోజే ఆఫీసు నుంచి నేరుగా ఫారానికి వెళ్లి రిహార్సలు వేసి వచ్చాడు. "ఇవి మనిషి మొహం చూడవు, వాసన చూస్తాయి," అంది ఫారం నడిపే ఆవిడ. సరేనని కంచెకి ఇవతలే నిలబడి, కళ్లు గట్టిగా మూసుకుని, ఆకుపచ్చ జాకెట్ జేబుల్లోంచి క్యారెట్ ముక్కలు తీసి విసిరాడు. మేకలు తిన్నాయి, పెద్దబాతులు తిన్నాయి, గాడిద అయితే జాకెట్ అంచు కూడా నాకి చూసింది. తాను వచ్చిన సంగతి ఎవరికీ చెప్పవద్దని ఆవిడని బతిమాలుకుని ఇంటికొచ్చాడు. మిగిలిన ముక్కలు జేబుల్లోనే ఉంచి, జాకెట్‌ని తలుపు వెనక తగిలించి హాయిగా నిద్రపోయాడు.

తెల్లారి కారు సగం దూరం వెళ్లాక అద్దంలో చూస్తే, వెనక సీట్లో మామగారి ఒంటి మీద ఆ జాకెట్ ఉంది.

"అది నాది కదూ," అన్నాడు.

"మీదే. నాన్నగారికి చలేస్తోందని నేనే తొడిగాను," అంది భార్య. "ఏం, ఇవ్వకూడదా?"

పిల్లనిచ్చిన మామ ఒంటి మీది బట్ట విప్పించమని ఏ అల్లుడు మాత్రం అనగలడు? స్టీరింగు పట్టుకుని కారు పోనిచ్చాడు.

ఫారం గేటు తీశారో లేదో, మేకలు తలలెత్తాయి. మరుక్షణం ఆ మంద అంతా మామగారి మీదకి ఉరికింది. ఒక మేక ఎడమ జేబులో మూతి పెట్టింది, ఇంకోటి కుడి జేబులో పెట్టింది. బాతులు ఆయన చుట్టూ చేరి గోల మొదలుపెట్టాయి. వెనకాలే గాడిద కుంటుకుంటూ వచ్చి ఆయన భుజం మీద గడ్డం ఆనించింది. మామగారు కొయ్యబారిపోయి, పళ్లన్నీ కనిపించేలా నవ్వుతూ నిలబడ్డారు.

"చూశావుటే మీ నాన్నగారి మహిమ," అన్నారు అత్తగారు, కళ్లు తుడుచుకుంటూ. "దేశం మారినా నోరులేని జీవాలు ఇట్టే పోల్చుకున్నాయి."

కూతురు అప్పటికే వీడియో తీసి బంధువులందరికీ పంపేసింది. ఫారం ఆవిడకి ఆయనెవరో చెప్పేసింది కూడా. ఆవిడ ఆయన చేతులు పట్టుకున్నంత పని చేసింది.

"పశువుల డాక్టరు గారా? సమయానికి వచ్చారు. గాడిద పొద్దున్నుంచీ కుంటుతోంది, కాస్త చూడండి."

"తప్పకుండా," అన్నారు మామగారు, గాడిదకి ఒకడుగు దూరం జరిగి. "అల్లుడుగారు పట్టుకుంటే నేను చూస్తాను. జనం ఉంటే బెదురుతుంది, మీరంతా అవతలికి వెళ్లండి."

ఫారం ఆవిడ గాడిదని షెడ్డు వెనక సందులో వదిలి వెళ్లగానే ఇద్దరూ చెరో గోడకి అతుక్కుపోయారు. మధ్యలో గాడిద కాలు నేలకేసి కొడుతోంది.

"పట్టుకోండి బాబూ," అన్నారు మామగారు.

"ముందు మీరు చూడండి, మామయ్యగారూ."

మామగారు కళ్లు మూసుకున్నారు. "నా సర్వీసంతా హెడ్డాఫీసులోనే గడిచిపోయిందండి. టీకాల పంపిణీ చూసేవాణ్ణి. చదువుకునే రోజుల్లో ఒక గేదె తన్నింది, అప్పట్నుంచీ పశువుని ఇంత దగ్గరగా చూడటం ఇదే మొదటిసారి."

"మరి ఆ రోజు నన్నెందుకు అడిగారు, మూగజీవాలంటే ఇష్టమేనా అని?"

"ఇంట్లో ఒక్క ధైర్యవంతుడైనా ఉంటే, వీధికుక్క ఎదురైనప్పుడు నా పరువు కాపాడతాడని."

అల్లుడికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఇన్నేళ్లూ ఈయనకా తను భయపడింది? "మామయ్యగారూ, నాకు కోడన్నా భయమే," అన్నాడు. "ముందు ఆ జాకెట్ విప్పి దూరంగా పారేయండి. అందులో క్యారెట్లున్నాయి."

జాకెట్ గాల్లోకి ఎగిరి కంచె పక్కన పడింది. గాడిద ఒక్క ఉదుటున దాని వెంట దూకింది. కాలు కొట్టీ కొట్టీ గిట్టలో ఇరుక్కున్న రాయి ఎప్పుడు ఊడిందో ఏమో, కుంటు మచ్చుకైనా లేదు. షెడ్డు అవతల నిలబడ్డ వాళ్లకి మాత్రం మామా అల్లుళ్ల వైద్యం పూర్తయి గాడిద గెంతుతూ రావడమే కనిపించింది.

ఫారం ఆవిడ ఆనందానికి హద్దు లేదు. ప్రతి శనివారం వచ్చి అన్నిటినీ పరీక్ష చేసి వెళ్లాలని కోరింది. అత్తగారు తాము ఇండియాకి తిరిగి వెళ్లేదాకా ఆయన తరఫునా, అల్లుడి తరఫునా మాటిచ్చేశారు. మామా అల్లుళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని, పెళ్లయిన ఇన్నేళ్లకి మొదటిసారి నిజంగా దగ్గరయ్యారు.

హస్తవాసి నాన్నగారిదని కూతురూ, కాదు అల్లుడిదేనని అత్తగారూ దారంతా వాదించుకున్నారు. గాడిదని అడిగి ఉంటే, అప్పటికి సగం నమిలేసిన జాకెట్‌ది అని చెప్పేది.