అలమేలు ఎక్కితేనే పొగ

శుక్రవారం పొద్దున ఏడున్నరకు పెరంబూరులో బండి తియ్యాలి. ఎనిమిదిన్నరకల్లా మైలాపూరు చేరి, భార్య అలమేలును వాళ్ళక్క జానకీదేవి ఇంట్లో పారాయణానికి దించాలి. ఆడవాళ్ళు లోపల సహస్రనామం చదువుతుంటే తను వరండాలో కూర్చుని, పేపరు విప్పి, వదినగారి చేతి కాఫీ తాగాలి. జనార్దనం వేసుకున్న పథకం ఇంతే. ఇందులో దురాశ ఎక్కడుందో ఆయనకు ఈనాటికీ అర్థం కాదు.

బండి అంటే 1968లో ఆయన తండ్రి కొన్న హెరాల్డు కారు. ఈ ఊళ్ళోనే తయారైంది. బానెట్ ఎత్తితే మూతితో సహా ముందు భాగమంతా మొసలి నోరులా తెరుచుకుంటుంది. జనార్దనం ఆ కారులోనే మొదటిరోజు బడికి వెళ్ళాడు, ఆ కారులోనే పెళ్ళికొడుకై ఊరేగాడు. రైలు పెట్టెలు తయారుచేసే ఫ్యాక్టరీలో ముప్పై నాలుగేళ్ళు ఇంజనీరుగా చేసి నిరుడే రిటైరయ్యాడు గనుక, ఆ బండి సంగతి తనకన్నా తెలిసినవాడు లేడని ఆయన నమ్మకం. "ఆయన చేసింది పెట్టెలు. పెట్టెలకి ఇంజను ఉండదు" అని అలమేలు అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెబుతూ ఉంటుంది.

ఆ పొద్దున జనార్దనం డాష్‌బోర్డు మధ్యలో ఉన్న నల్లటి చోక్ మీటను లాగి, తాళం తిప్పాడు. చల్లబడి ఉన్న ఇంజనుకు గాలి తగ్గించి పెట్రోలు ఎక్కువ పట్టించేది ఆ మీటే. ఇంజను కాస్త వేడెక్కగానే దాన్ని లోపలికి నొక్కెయ్యాలి. మరిచిపోతే బండి నల్లటి పొగ కక్కుకుని కూలబడుతుంది. జనార్దనం మరిచిపోయే మనిషి కాదు. నొక్కాడు. అప్పుడు అలమేలు పసుపుపచ్చ తాంబూలం సంచితో వచ్చి పక్క సీట్లోకి ఎక్కింది. అందులో టెంకాయలు, ఆకువక్క, అరటిపళ్ళు, పూలు, నీళ్ళ సీసా, సహస్రనామం పుస్తకం ఉన్నాయి. పూజకు పోయే సంచిని కాళ్ళ దగ్గర పెట్టరాదు, వెనక సీట్లో పెడితే టెంకాయలు దొర్లిపోతాయి, ఒళ్ళో పెట్టుకుంటే పట్టుచీర నలుగుతుంది. అందుకని దాన్ని దాని చోట సర్ది కూర్చుంది. జనార్దనం అటు చూడలేదు. బండి నడిపేటప్పుడు ఎడమవైపు తిరిగితే ఏదో ఒక మాట పడాల్సి వస్తుందని ఆయన ముప్పయ్యేళ్ళుగా రోడ్డు వైపే చూస్తాడు.

తొమ్మిది శుక్రవారాల పారాయణంలో అది ఎనిమిదోది. మొదటి వారం నుంచీ బండి దారిలో ఎంతోకొంత పొగ వదులుతూనే ఉంది. ఆ రోజు మాత్రం పురసవాక్కం సిగ్నల్ దగ్గర ఖళ్ళున దగ్గి ఆగిపోయింది. వెనక ఉన్న ఆటోవాడు పొగలోంచి బయటపడి, లోపల ఏమైనా వండుతున్నారా అని తమిళంలో మర్యాదగానే అడిగాడు.

అలమేలు సంచి తీసుకుని దిగింది.

"ఒక్క నిమిషం ఉండు, స్టార్టవుతాది" అన్నాడు జనార్దనం.

"ఎనిమిది వారాలుగా ఉండా కదా! ఇంక చాలండి. వచ్చే శుక్రవారం ముగింపు. ఈ బండి నన్ను పొగ లేకుండా మైలాపూరుకి తీసకపోయి తీసకొస్తే సరి. లేదంటే మా విజయకుమార్ అడగతానే ఉండాడు, ఇచ్చేస్తాను."

"ఇచ్చేస్తావా? మా నాయన బండి!"

"మీ నాయన ఉన్నప్పుడు పొగ రాలేదే!" అని, ఆమె అదే ఆటో ఎక్కి వెళ్ళిపోయింది.

విజయకుమార్ అలమేలు తమ్ముడు. మాధవరంలో టిఫిన్ హోటలు తెరవబోతున్నాడు. పాతకాలపు కారొకటి గుమ్మం ముందు నిలబెట్టి, తెరిచిన బానెట్‌లో దోసెల పెనం పెడితే జనం విరగబడి వస్తారని అతని ఆలోచన. తండ్రి ఆదివారం ఆదివారం గుడ్డ పెట్టి తుడుచుకున్న ఇంజను చోట ఊతప్పం కాలుతుందని తలుచుకుంటే జనార్దనానికి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆ సిగ్నల్ దగ్గర ఎవరూ గమనించలేదు, పొగ అనుకున్నారు.

కాసేపటికి మెకానిక్ కాటయ్య వచ్చాడు. తండ్రి కాలం నుంచీ ఆ బండికి వైద్యం చేస్తున్నవాడు. ఏ బండి ఎక్కినా, కూర్చోగానే కనిపించిన మీటలన్నీ లోపలికి నొక్కి గానీ తాళం తిప్పడు. అది అతని అలవాటు. ఇప్పుడూ అలవాటు ప్రకారం నొక్కాడు, స్టార్టు చేశాడు, వ్యాసర్‌పాడి దాకా పోయి వచ్చాడు. పొగ లేదు.

"బండి బంగారంగా ఉంది సార్. ఏం చేసినారు దీన్ని?"

"నేనేం చేసినా? ఆమె ఎక్కింది, బయల్దేరినాం, పొగొచ్చింది."

కాటయ్య గడ్డం గీరుకున్నాడు. "అట్లయితే రేపు అమ్మనే ఎక్కించుకుని చూద్దాం."

మర్నాడు శనివారం. పెరుమాళ్ళ కోవెలకు పోవాలని అలమేలు టెంకాయల సంచితో ఎక్కింది. కాటయ్య వెనక సీట్లో కళ్ళు మూసుకుని ఇంజను చప్పుడు వింటూ కూర్చున్నాడు. నాలుగు వీధులు దాటకముందే పొగ. అలమేలును సంచితో సహా దించేసి, కాటయ్య ముందుకొచ్చి స్టీరింగు పట్టుకుని ఒక చుట్టు తిప్పాడు. పొగ లేదు. మళ్ళీ అలమేలును ఎక్కించి జనార్దనం నడిపాడు. పొగే పొగ.

కాటయ్య కిందికి దిగి, రోగం తెలిసిన డాక్టరులా చేతులు తుడుచుకున్నాడు. "లోడు పడితేనే పొగొస్తా ఉంది సార్. అమ్మ ఎక్కితే వస్తాది, దిగితే పోతాది. కార్బురేటర్ అరిగిపోయింది. ఇంత లోడు అది తట్టుకోలేదు."

"ఏమన్నావు కాటయ్యా?" అంది అలమేలు.

"కార్బురేటర్ అన్నానమ్మా."

"దాని ముందు."

కాటయ్యకు తను ఏమన్నాడో అప్పుడు అర్థమైంది. "అది మెకానిక్ మాటమ్మా" అని గొణిగాడు.

"వెనకాల కూర్చున్న నువ్వు లోడు కాదు, నడిపే ఈయన లోడు కాదు. నేనొక్కతే లోడు! ఏమండీ, మీరేమీ అనరా?"

జనార్దనం ఆ సమయంలో నిజంగానే, పెట్రోలూ గాలీ కలిపి ఇంజనుకు అందించే ఆ కార్బురేటర్ గురించి ఆలోచిస్తున్నాడు. "కాటయ్య చెప్పినాడంటే నిజమే అయి ఉంటాది" అన్నాడు. అనకుండా ఉండాల్సింది. ఆ పూట ఇంట్లో పొయ్యి వెలగలేదు. ఆయన వీధి చివర మెస్సులో సాంబారన్నం తిని వచ్చాడు.

ఆదివారం బండి చుట్టూ సభ జరిగింది. మేడ మీద అద్దెకుండే కిరణ్‌కుమార్ గుంటూరు నుంచి వచ్చి ఐటీ కంపెనీలో పనిచేస్తున్నాడు. సంగతి వినగానే ఫోనులో నాలుగు వీడియోలు చూసి కిందికి దిగాడు.

"అంకుల్, ఇంకా చేత్తో లాగే చోక్ ఏంటండీ? ఎలక్ట్రిక్ ఆటోమేటిక్ చోక్ ఉన్న కార్బురేటర్ వేయించండి. కరెంటుతో లోపల స్ప్రింగు వేడెక్కి, చోక్ దానంతటదే తెరుచుకుంటుంది. మీరు ముట్టుకోనే అక్కర్లేదు."

"అది చలిదేశాల సరుకు సార్" అన్నాడు కాటయ్య. "మెడ్రాసులో చలి ఏడుంది? మార్గళి నెలలో పదిరోజులు. దానికోసం కొత్త ప్లేటు పెట్టి, వైరు లాగి, ఉన్న మీట పీకెయ్యాల్నా? ఇదే రకం కార్బురేటర్, చేత్తో లాగే చోక్‌ది, పుదుప్పేట పాతసామాన్ల అంగళ్ళలో దొరుకుతాది. నట్టు మార్చకుండా కూర్చుంటాది."

"చలే లేనప్పుడు అసలు చోక్ ఎందుకండీ?"

"చోక్ లేకుంటే పొద్దున్నే ఇంజను లేస్తాదా? నీకు బండి ఉందా అప్పా?"

"స్కూటర్ ఉందండీ. ఎలక్ట్రిక్."

అంతకన్నా ఆ మనిషితో మాట్లాడ్డం తన స్థాయికి తక్కువని కాటయ్య బీడీ వెలిగించుకున్నాడు. ఈ లోపల విజయకుమార్ టేపు పట్టుకుని వచ్చి, ఎవరినీ అడక్కుండా బానెట్ కొలతలు తీసుకోసాగాడు.

"మీరు ఏది కావాలంటే అది వేసుకోండి బావా" అన్నాడు టేపు చుట్టుకుంటూ. "శుక్రవారం దాటినాక ఎట్లాగూ తీసేయాల్సిందే. ఆడ చట్నీ గిన్నెలు రావాల."

జనార్దనం మనసు కాటయ్య మాట వైపే మొగ్గింది. యాభై ఏళ్ళు పైబడి ఆ మీటను లాగిన ఇల్లు అది. మొదట తండ్రి చెయ్యి, తర్వాత తన చెయ్యి. కానీ శుక్రవారం అలమేలును మైలాపూరు తీసుకుపోవాలంటే ముందు ఆమె బండి ఎక్కాలి కదా. వంటింటి గడప దగ్గర నిలబడి విషయమంతా విన్నవించుకున్నాడు.

అలమేలు చిక్కుడుకాయలు తుంచుతూ తలెత్తలేదు. "కాటయ్య ఏది వద్దంటా ఉండాడు?"

"ఆటోమేటిక్‌ది."

"అదే పెట్టించండి."

అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, కాటయ్య మీద కోపం కార్బురేటర్ మీద తీరింది. జనార్దనం మింగలేక కక్కలేక బయటికి వచ్చి, సరే తెప్పించమని కిరణ్‌కుమార్‌తో చెప్పాడు.

బుధవారం కార్బురేటర్ వచ్చింది, దాన్ని ఇంజనుకు బిగించే ప్లేటు రాలేదు. గురువారం పొద్దున ప్లేటు వచ్చింది, దాని రంధ్రాలు కలవలేదు. కాటయ్య ఆకురాయి పట్టి, ప్రతి రుద్దుకీ ఒక తిట్టు చొప్పున రంధ్రాలు సాగదీశాడు. బిగించాక ఎయిర్ ఫిల్టర్ ఎత్తు ఎక్కువై బానెట్ మూతపడలేదు. ఫిల్టర్ మార్చేసరికి యాక్సిలరేటర్ తీగ పొట్టిదైంది. వీడియోలో ఇవేవీ లేవని కిరణ్‌కుమార్ ఆశ్చర్యపోయాడు. సాయంత్రానికి బండి స్టార్టయింది. అప్పుడు కాటయ్య డాష్‌బోర్డులోంచి చోక్ మీటను తీగతో సహా బయటికి లాగి, ఆ చిల్లికి రబ్బరు బిరడా పెట్టాడు. మీటను జనార్దనం అరచేతిలో పెట్టి, "ఇంక దీనికి పని లేదు సార్" అన్నాడు. జనార్దనానికి ఎవరో తండ్రి వేలు విరిచి ఇచ్చినట్టనిపించింది. దాన్ని గుడ్డలో చుట్టి బీరువాలో దాచాడు.

శుక్రవారం వచ్చింది. విజయకుమార్ మినీ వ్యానుతో, మోకుతో సహా వాకిట్లో తయారు. ముగింపు పూజ కాబట్టి ఈసారి అలమేలు సంచిలో ఐదు టెంకాయలున్నాయి. సీట్లో కూర్చుని, సంచి ఎత్తిపట్టుకున్న చెయ్యిని ముందుకు చాపి, గాలిలో అటూ ఇటూ తడిమింది.

"ఏడండీ?" అంది.

"ఏది?"

"నా కొక్కి. ఈడ నల్లగా ఉంటాదే, సంచి తగిలించేది. ఎనిమిది వారాలుగా దానికే కదా తగిలిస్తా ఉండాను. ఎవరు పీకినారు?"

ముప్పయ్యేళ్ళలో మొదటిసారి జనార్దనం ఎడమవైపు తిరిగి చూశాడు. టెంకాయల సంచి ఆ మీటకు వేలాడుతూ, గుంత గుంతకీ ఊగుతూ, దాన్ని కొంచెం కొంచెంగా బయటికి లాగుతున్న దృశ్యం ఆయన కళ్ళముందు తిరిగింది. ఆమె సంచి తీసుకుని దిగుతుంది, కాటయ్య ఎక్కి మీట లోపలికి నొక్కుతాడు, పొగ పోతుంది. పాత కార్బురేటర్‌కు జలుబైనా లేదు! ఆకురాయీ, ప్లేటూ, మెస్సు సాంబారూ, అన్నీ ఒక టెంకాయల సంచి కోసం.

చెప్పెయ్యాలని నోరు తెరిచాడు. చెబితే ఏమవుతుందో ఆలోచించాడు. పొగకు కారణం నువ్వే అని కాటయ్య అన్న మాటే తనూ అన్నట్టవుతుంది, అదీ ముగింపు పూజ రోజున. నోరు మూసుకుని గేరు వేశాడు.

బండి మల్లెపువ్వులా నడిచింది. పురసవాక్కం సిగ్నల్ దగ్గర గుర్రుమనకుండా ఆగింది, దగ్గకుండా కదిలింది. రాయపేట దాకా వెంటపడి వచ్చిన విజయకుమార్ వ్యాను అక్కడ నిరాశగా వెనక్కి తిరిగింది. వరండాలో వదినగారి కాఫీ తాగుతుంటే జనార్దనానికి కాఫీలో ఇంత రుచి ఉంటుందా అనిపించింది. తిరుగుదారిలోనూ రవ్వంత పొగ లేదు. ఇంటిముందు బండి ఆపి, గెలిచిన మనిషిలా అలమేలు వైపు చూశాడు.

"పొగ రాలేదు" అంది అలమేలు.

"రాలేదు కదా!"

"బండి విజయకుమార్‌కి ఇచ్చేయండి."

"ఏందీ?"

"పోతా ఐదు టెంకాయలు, వస్తా తాంబూలం. రెండు దావలా ఒళ్ళోనే మోసినాను. చీర చూడండి, పిండిన గుడ్డ మాదిరి ఉంది. కాళ్ళు తిమ్మిరెక్కి పోయినాయి. పొగొచ్చినా ఆ పాతదే మేలు, సంచి పెట్టుకునేదానికి చోటన్నా ఉండె!"

జనార్దనం బండి దిగాడు. లోపలికి పోయి బీరువా తెరిచి, గుడ్డ మూట తీసుకుని నేరుగా కాటయ్య షెడ్డుకు నడిచాడు. మీట చూసి కాటయ్య తెల్లబోయాడు.

"తీగ ఏడ తగిలించేది సార్? కొత్తదానికి ఇది అక్కర్లేదే."

"తీగ వద్దు. మీట మాత్రం బిగించు. గట్టిగా, కదలకుండా." ఇంక దాచుకోలేక జనార్దనం సంచి సంగతి మొత్తం చెప్పాడు.

కాటయ్య మీటను అటూ ఇటూ తిప్పి చూశాడు. "అయితే లోడు అని నేను చెప్పింది నిజమే కదా సార్" అన్నాడు చివరికి.

"మెల్లగా అను" అన్నాడు జనార్దనం, వీధి వైపు చూసి.

మీట ఇప్పుడు దాని పాత చోటనే ఉంది. కారు వాకిట్లోనే ఉంది. విజయకుమార్ హోటల్లో దోసెలు మామూలు పొయ్యి మీదే కాలుతున్నాయి. కొత్త కార్బురేటర్ నెలకోసారి కాటయ్య షెడ్డుకు పోయి వస్తోంది.

ఆ బండిలో ఇంతవరకు రిపేరుకు రాని భాగం ఆ మీట ఒక్కటే.