కొండలన్నీ ఫొటోల్లో భద్రం

“ఆ మిషన్‌కి రేపేమైనా అయితే నీ కొండలన్నీ ఏమైపోతాయే?”

అప్పటికి మిషన్‌కి ఏమీ కాలేదు. నిక్షేపంలా ఉంది. అయినా అడిగాను. జరగకముందు అడిగితే జాగ్రత్త, జరిగాక అడిగితే ఏడుపు!

మా అమ్మాయి మందుల్ని పరీక్షించే ల్యాబ్‌లో పనిచేస్తుంది. కాస్త మందు తీసి మిషన్‌లో పెడితే, అది మందు గుండా వెలుతురు పంపి, ఆ వెలుతుర్ని మందు ఎక్కడెంత మింగేసిందో తెర మీద గీత గీసి చూపిస్తుంది. గీత నిండా కొండలూ లోయలూ. దాన్ని స్పెక్ట్రమ్ అంటారట. ఉండవలసిన చోట కొండ ఉంటే మందు మంచిది. ఉండకూడని చోట చిన్న బొడిపె కనిపించినా ఆ మందు ఎవరి గొంతులోకీ దిగకూడదు. పదో తరగతితో ఆపేసిన నాకు అర్థమైంది ఇంతే. భయపడటానికి ఇది చాలు.

అందుకే పాఠకులారా, ఘంటాపథంగా చెబుతున్నాను. మనిషి కనిపెట్టినవాటిలో నిప్పు తర్వాత అంతటి గొప్పది, ఆ గీతను ఫొటోగా మార్చే బటన్!

మీరే ఆలోచించండి. మిషన్ తన సొంత ఫైల్లో దాచేవన్నీ అంకెలే. ఒక్కో గీతకు నాలుగైదు వేలు. ఎవరు చదువుతారు? పైగా ఆ ఫైలు మిషన్ పక్కనున్న కంప్యూటర్‌లో తప్ప ఎక్కడా తెరుచుకోదు. గడప దాటితే నోరు పెగలని పిల్లలాంటిది.

అదే జేపెగ్ అనే ఫొటో అయితే? నా ఫోన్లో తెరుచుకుంటుంది. టీవీలో తెరుచుకుంటుంది. మా ఆడపడుచు ఇంట్లో కూడా తెరుచుకుంటుంది! టిఫ్ అని ఇంకోటుందట, మహా బరువు, నా ఫోన్లోకి దిగనే లేదు. పీఎన్‌జీ అంచులు శుభ్రంగా ఉంటాయట గానీ నాకు జేపెగ్గే నచ్చింది. తేలిక, అణకువ, ఎంత నొక్కితే అంత చిన్నదైపోతుంది. ఇంటికి అలాంటి మనిషి ఒకరుండాలి.

నా పోరు పడలేక అమ్మాయి గీతలన్నీ ఫొటోలు చేసి, నా ఫోన్లోనూ ఒక కాపీ పెట్టేది. బంధువుల గ్రూపులో పెట్టనని ఒట్టు వేయించుకుంది. ఒక్కటే పెట్టాను. మా మరిది అది గుండె పరీక్ష అనుకుని, ఎవరికేమైందంటూ చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చాడు. అంకెలు పంపితే వచ్చేవాడా?

ఫొటోకు ఇంకో సుగుణం ఉంది. మాట వింటుంది. ల్యాబ్‌లో పెద్దసారు రిపోర్టు కాగితం మీద చోటు చాలకపోతే దాన్ని పక్కల నుంచి నొక్కేవారు, కొండ శిఖరమయ్యేది. చోటు మిగిలితే సాగదీసేవారు, శిఖరం దిబ్బయ్యేది. అంకెలకు ఇంత సంస్కారం ఏదీ?

ఇంతలో ఆ కంప్యూటర్ కాస్తా నిండిపోయింది. పెద్దసారు ఒక్క మాటలో తేల్చేశారు. ఫొటోలున్నాయి కదా, పాత అంకెల ఫైళ్లు తీసేయమన్నారు. అమ్మాయి ఇంటికొచ్చి, తీసేది లేదని రేపు చెప్పేస్తానంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఎదురుచెబితే ఉద్యోగం పోతుంది, ఉద్యోగం పోతే ఇల్లు పోతుంది అని మొదలుపెట్టి, మేమిద్దరం వానలో గొడుగైనా లేకుండా నిలబడేదాకా తీసుకొచ్చి ఆపాను. మర్నాడు తీసేసింది.

వారం తిరక్కుండా దగ్గు మందు గొడవ వచ్చింది.

పసిపిల్లలకు పోసే మందు. అంతకు నెల ముందు అందులో ఉండకూడని బొడిపె చూసి, ఆ సరుకు బయటికి పోకుండా ఆపింది మా అమ్మాయే. ఇప్పుడు మందు చేసినవాళ్లు ఆ బొడిపె ఎత్తెంతో అంకెల్లో చూపించండి, లేదంటే శుక్రవారానికి సరుకు వదిలేయండి అన్నారు. పెద్దసారు అమ్మాయిని పిలిచి చాలా నెమ్మదిగా అడిగారట.

“అంకెలెక్కడమ్మా?”

ఎక్కడుంటాయి!

ఫొటో తెరిచారు. పెద్దది చేశారు. బొడిపె కనిపించాల్సిన చోట బూడిదరంగు గళ్లు. ఇంకా పెద్దది చేశారు. గళ్లు పెద్దవయ్యాయి. ఇదేదో మరకలా ఉంది, లోపం లేదని రాసి సంతకం పెట్టేయమన్నారు.

నా ఫోన్లో ఉన్నదాన్ని నేనూ చూశాను. కళ్లజోడు తుడుచుకుని, రెండు వేళ్లతో లాగి లాగి చూశాను. ఇన్నేళ్లుగా లేని ప్రమాదాలన్నీ చూడగలిగిన కళ్లు నావి. ఉన్న ఒక్క ప్రమాదం కనిపించలేదు.

అమ్మాయి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. గదిలోంచి రాకపోతే, ఎలా ఉన్నావని ఫోన్లోనే అడిగాను. జవాబుగా ఒక పసుపురంగు నవ్వుమొహం వచ్చింది. దాన్నీ పెద్దది చేసి చూశాను. పెద్ద నవ్వు. అంతే.

బొమ్మ గొప్పతనం నాకు అప్పుడు పూర్తిగా బోధపడింది. ఎవరి దగ్గరైనా తెరుచుకుంటుంది. లోపలేముందో ఎవరికీ చెప్పదు.

గురువారం సాయంత్రం టీ పట్టుకుని ఆ గది గుమ్మంలో నిలబడ్డాను. రేపు సంతకం పెడతావా అని అడిగాను. పలకలేదు. టీ మీద మీగడ కట్టింది. వీధిలో ఎవరో స్కూటర్‌ని పదిసార్లు తన్నారు, అది కూడా పలకలేదు. పెట్టమని నేనే చెబుతానని ఎదురుచూస్తోందేమో అనిపించింది.

“పెట్టకు. ఉద్యోగం పోతే పోనీ,” అన్నాను. ఎవరన్నారా అని నేనే వెనక్కి తిరిగి చూశాను.

అమ్మాయి తల ఎత్తింది.

“పరీక్షయ్యాక మిగిలిన మందు పారబోసేయమంటారమ్మా. నేను సగం సీసా సీలు వేసి, తేదీ రాసి, ల్యాబ్ ఫ్రిజ్‌లో దాచా. ఎందుకో భయమేసింది. పొద్దున్నే మళ్లీ మిషన్‌లో పెడతా. ఈసారి అంకెలు నాలుగు చోట్ల దాస్తా. నీకు మాత్రం ఫొటోనే.”