సొంత మాటల్లో హామీ

ఆ ఉదయం లెక్చరర్ గారి పథకం చాలా చిన్నది. అరవై మంది విద్యార్థుల దగ్గర, కాపీ కొట్టబోమని సొంత మాటల్లో రాసిన హామీ పత్రాలు తీసుకోవడం, మధ్యాహ్నానికల్లా డీన్ గారి బల్ల మీద పెట్టడం. ఆ బల్ల మీదే ఆయన ప్రమోషన్ ఫైలు ఒక్క సంతకం కోసం ఆరు నెలలుగా పడిగాపులు పడుతోంది.

"సొంత మాటలంటే ఎలా ఉండాలి సార్?" అని పిల్లలు పొద్దున్నే క్లాసు గ్రూపులో ప్రాణం తీస్తుంటే ఆయనకు చిరాకేసింది. డీన్ గారు రాసిన 'నిజాయితీ నియమావళి'లోంచి నాలుగు వాక్యాలు తీసి నమూనాగా పడేశారు. "ఇంక నన్ను చంపుకు తినకండి" అని కింద ఒక ముక్క రాసి, స్నానానికి వెళ్ళి, ఆ సంగతే మరిచిపోయారు.

పదకొండింటికి పత్రాలు వచ్చాయి. యాభై తొమ్మిది అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉన్నాయి. ఆయనకు ఒళ్ళు మండిపోయింది. వెనకా ముందూ చూడకుండా అన్నిటినీ లైబ్రేరియన్‌కి పంపి, కాపీని పట్టే సాఫ్ట్‌వేర్‌లో వేయమన్నారు. డీన్ గారికి ఫోన్ కూడా చేశారు. "సార్, పెద్ద ముఠానే పట్టాను!"

డీన్ గారు హుషారుగా అప్పటికప్పుడు తన గదిలోనే విచారణ పెట్టించారు. లైబ్రేరియన్ సాఫ్ట్‌వేర్ ఇచ్చిన రిపోర్టు తీశాడు.

"ఇది మన లెక్చరర్ గారు గ్రూపులో పెట్టిన నమూనానే సార్. ఆ నమూనా మీ నియమావళిలోది. నియమావళేమో..."

"నాదేగా! చెప్పవయ్యా."

"వేరే యూనివర్సిటీది సార్. మొత్తం. పదకొండో పేజీలో వాళ్ళ ఫోన్ నంబర్ కూడా అలాగే ఉంది."

లెక్చరర్ గారు ప్రమోషన్ ఫైలు వంక ఆఖరి చూపు చూసుకున్నారు.

డీన్ గారు గ్లాసుడు నీళ్ళు తాగి తేరుకున్నారు. "అయితే యాభై తొమ్మిది మంది మన నియమావళిని తు.చ. తప్పకుండా పాటించారన్నమాట. మంచిదే. మరి ఆ అరవయ్యోది?"

అది ఒక అమ్మాయిది. 'మొదటి ఏడాది ల్యాబ్ రికార్డు మా అక్కది చూసి రాశాను. అప్పట్నుంచీ సిగ్గుగా ఉంది. ఇంకెప్పుడూ అలా చేయను' అని రాసింది.

"తప్పు తనే ఒప్పుకుంది. పైగా నమూనాని లెక్కచేయలేదు. హాల్‌టికెట్ ఆపండి." డీన్ గారు ప్రమోషన్ ఫైలు మీద సంతకం గీకి, ఆ అమ్మాయికి ఇవ్వాల్సిన నోటీసుతో కలిపి లెక్చరర్ గారి ముందుకు తోశారు.

లెక్చరర్ గారికి నిజంగానే సిగ్గేసింది. ఆ సిగ్గుతోనే నోటీసు మీద సంతకం పెట్టారు.

వరండాలో ఆ అమ్మాయి నోటీసు పట్టుకుని నిలబడిపోయింది. "నేను నిజమే రాశాను కదా సార్!"

"అదేనమ్మా వచ్చిన చిక్కు," అన్నారాయన, ఆమె మొహంలోకి చూడలేక. "నీ దాన్ని వెనక్కి తీసుకుని, గ్రూపులో ఉన్నట్టే రాసిచ్చెయ్. హాల్‌టికెట్ నేనిప్పిస్తాను."

సాయంత్రానికి అరవై మంది నిజాయితీ అక్షరం తేడా లేకుండా ఫైలుకెక్కింది.