పంకజాక్షి దవడకు పుత్తూరు కట్టు

ఆ శుక్రవారం పొద్దున పంకజాక్షి వేసుకున్న పథకం చాలా చిన్నది. త్వరగా లేవాలి, పెరట్లో కాసేపు సాధన చేయాలి, నాలుగు దోసెలు పోసి తొలి గంట కొట్టకముందే బడికి చేరుకోవాలి. అంతే. ఇందులో దవడ ప్రస్తావన ఎక్కడా లేదు.

ఆమె పుత్తూరులో కాపురముంటూ, పక్క ఊరి ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతోంది. తిరుపతిలో శిక్షణ పొంది వచ్చినప్పటి నుంచి తొమ్మిదో తరగతి పిల్లలకు వారానికొక పీరియడ్ జీవన నైపుణ్యాలు కూడా నేర్పుతోంది. మనసులో మాట ఎదుటివాళ్ళు నొచ్చుకోకుండా చెప్పడం, కోపం వస్తే ఊపిరి లెక్కపెట్టడం, పరీక్షల భయం దించుకోవడం, ఇష్టం లేనిదానికి ‘వద్దు’ అనడం. పిల్లలు దానికి ‘ఊపిరి పీరియడ్’ అని పేరు పెట్టుకున్నారు.

ఆ పేరు వింటేనే హెడ్మాస్టరు మునిరామయ్యగారికి ఊపిరాడదు. ఆయన లెక్కల మనిషి. “పుట్టినప్పటి నుంచి పీలుస్తానే ఉండారు కదమ్మా, దానికో పీరియడ్డా? ఆ గంట నాకిస్తే రెండు సిద్ధాంతాలు చెప్పుకుంటాను” అనేవారు. ఆ తగువు తేల్చడానికే ఆ రోజు జిల్లా నుంచి అధికారి వస్తున్నారు. పాఠం నచ్చితే పీరియడ్ ఉంటుంది. నచ్చకపోతే త్రిభుజాల పాలవుతుంది.

పోయేది ఒక్క గంట కాదని పంకజాక్షికి తెలుసు. ఆ తరగతిలో మునిచంద్ర ఉన్నాడు. నిరుడు ఎవరో ఏదో అన్నారని తరగతి తలుపు ఊడగొట్టిన ఘనుడు. ఈ ఏడు అదే తలుపు దగ్గర ఆగి, ఊపిరి లెక్కపెట్టుకుని మరీ లోపలికి వస్తున్నాడు. వాడి కోసమైనా ఈ పీరియడ్ నిలబెట్టాలని ఆమె పంతం.

అయితే టీచరమ్మలో ఒక లోపం ఉంది. ఊరి పిల్లలందరికీ ‘వద్దు’ అనడం నేర్పే పంకజాక్షి, పెళ్ళయిన ఎనిమిదేళ్ళలో అత్త శకుంతలమ్మతో ఒక్కసారి కూడా ఆ మాట అనలేదు. అత్త చెడ్డదేం కాదు, పాపం. మహా ప్రేమ. ఆ ప్రేమకు అడ్డూ ఆపూ లేకపోవడమే చిక్కు. ఇంకో దోసె అంటే ఇంకో దోసె, తలకు ఆముదమంటే తలకు ఆముదం. చెవుల వెంట ఆముదం కారుతుండగా బడికి పోయి, ఇష్టం లేనిదాన్ని ఎలా కాదనాలో పాఠం చెప్పిన రోజు కూడా ఉంది.

ముందురోజు సాయంత్రం ఆమె ఫోనులో తోటి టీచరుతో, “ఒత్తిడి ఉంటే మొదట తెలిసేది దవడలోనే. బిగుసుకుపోతుంది, నొప్పి పెడుతుంది” అని చెబుతుంటే, వంటింట్లో చిక్కుడుకాయలు వలుస్తున్న శకుంతలమ్మ చెవిన పడింది. ఎవరి దవడ అని అడగలేదు. ఆమెకు తెలిసిన దవడ కోడలిదొక్కటే.

తెల్లారి పెరట్లోకి వచ్చి చూస్తే, కోడలు నోరు ఇంత తెరిచి, నాలుక గడ్డం దాకా చాచి, కనుగుడ్లు పైకి తిప్పి నిలబడి ఉంది. ముఖంలో బిగువు సడలడానికి చేసే సింహం ముఖం అది. శకుంతలమ్మకు అందులో సింహం కనిపించలేదు.

“ఏమే పంకజా, ఏమైందే?”

పంకజాక్షి ఆ రోజుకు ఒక నియమం పెట్టుకుంది. ఎవరేమడిగినా మనసులో పది లెక్కపెట్టి గానీ జవాబివ్వకూడదు. పిల్లలకు చెప్పేది తానూ చేయాలి కదా! నోరు మూసి ఒకటి, రెండు అని మొదలుపెట్టింది. ఆరు దగ్గరకు వచ్చేసరికి, “దవడ జారిందా?” అని రెండో ప్రశ్న పడింది. కొత్త ప్రశ్నకు కొత్త లెక్క. మళ్ళీ ఒకటి. “నొప్పిగా ఉండాదా? మాట రాలేదా?” మళ్ళీ ఒకటి. కోడలు కళ్ళప్పగించి, బుసబుసా ఊపిరి వదులుతూ, ఉలుకూ పలుకూ లేకుండా నిలబడటం చూసి శకుంతలమ్మ వీధి గుమ్మంలోకి పరిగెత్తింది.

“ఒరే చిన్నబ్బా! యాడుండావురా! నా కోడలికి దవడ పోయిందిరో!”

పుత్తూరులో పెట్టకూడని కేక అది. విరిగిన ఎముకలు కట్టడానికి పేరుమోసిన ఊరాయె. ఆ పేరున్న వైద్యుల దగ్గరికి పోయినా బాగుండేది, ఒకసారి తడిమి చూసి నవ్వి పంపించేవాళ్ళు. చిన్నబ్బ శకుంతలమ్మ తమ్ముడు. ఆ వీధిలోనే కాపురం. కట్టు కట్టడం దూరం నుంచి చూసి నేర్చుకున్నవాడు. అంతవరకూ అతని చేయి పడ్డవన్నీ మేక కాళ్ళే. మనిషి దొరకడం అదే మొదలు. గుడ్డపేలికలు, కోడిగుడ్లు, ఆకు పసరు చంకన పెట్టుకుని, పంచె ఎగ్గట్టి పరిగెత్తుకొచ్చాడు.

అప్పటికి పది లెక్క పూర్తయింది. “నాకేం కాలేదు మామా” అంది పంకజాక్షి.

“నొప్పి తెలీడం లేదంటే శానా లోతుగా పోయిందక్కా” అన్నాడు చిన్నబ్బ.

ఇప్పుడు ‘వద్దు’ అనాలి. రెండక్షరాల మాట. మొదటి అక్షరం పెదవుల దాకా వచ్చింది కూడా. అంతలో అత్త కళ్ళలో నీళ్ళు కనిపించాయి. “వ... వరండాలో కూర్చుంటాను” అంది పంకజాక్షి.

గడ్డం కింది నుంచి నడినెత్తి దాకా గుడ్డ చుట్టి, పసరు పెట్టి, తెల్లసొన పూసి, నెత్తిన ముడి బిగించాడు చిన్నబ్బ. మేక తెంచుకుపోకుండా వేసే ముడి అది. ఎండకు సొన ఆరి అట్ట కట్టేసింది. పై పళ్ళూ కింది పళ్ళూ అతుక్కుపోయాయి. “మూడు వారాలు విప్పకూడదు. గంజి తప్ప ఏమీ ఇయ్యొద్దు. సాయంత్రం ఇంకో పూత పూస్తాను” అని అతను చెప్పాక గానీ పంకజాక్షికి తన పరిస్థితి పూర్తిగా బోధపడలేదు. ఆదుకోవడానికి భర్త మునికుమార్ ఇంట్లో లేడు, నగరిలో మరమగ్గాల షెడ్డుకు వెళ్ళిపోయాడు. ఉన్నా లాభం లేదు, వాళ్ళమ్మ మాట కాదనే రకం కాదు. ఆమె ముడి పీకి చూసింది, రాలేదు. బడికి వేళ మించిపోతోంది. చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని షేర్ ఆటో ఎక్కేసింది. ఆటోలో అందరూ సర్దుకుని చోటిచ్చారు. ఒక ముసలామె, “ఎవడమ్మా ఆ పాపాత్ముడు?” అని కళ్ళొత్తుకుంది.

ఈలోగా వార్త ఆమెకంటే ముందే బడికి చేరిపోయింది. తెచ్చింది భానుప్రియ, అదే వీధిలో ఉండే తొమ్మిదో తరగతి పిల్ల. “మేడం దవడకు కట్టు కట్టినారు! నిన్న మునిచంద్ర కొట్టిన బంతి మేడం చెవి పక్కనే పోయింది కదా, అది తగిలిందేమో” అంది. ఆ పిల్ల అన్నది అంతే. గేటు దగ్గర ‘ఏమో’ రాలిపోయింది. కొళాయి దగ్గర బంతి రాలిపోయింది. హెడ్మాస్టరు గదికి చేరేసరికి మిగిలింది, “మునిచంద్ర కొట్టినాడంట, మేడం దవడ ఇరిగిందంట” అని. మన భాషలో కొట్టడానికి బంతైనా ఒకటే, మనిషైనా ఒకటే.

పంకజాక్షి తరగతి గుమ్మంలోకి వచ్చేసరికి లోపల మునిరామయ్యగారు శివాలెత్తి ఉన్నారు.

“టీచరు మీద చెయ్యి జేసుకుంటావా? తలుపు అయిపోయింది, ఇంక మనుషులా? నీకు టీసీ ఇచ్చి పంపకపోతే నా పేరు మునిరామయ్య కాదు!”

“నేను కొట్లేదు సార్!”

“కొట్లేదా? అదో, సూడు!” ఆయన గుమ్మంవైపు వేలు చూపించారు. “నోరు తెరవలేకుండా కొట్టి, మళ్ళీ అబద్ధమా!”

“మ్మ్! మ్మ్మ్!” అంది పంకజాక్షి.

“మీరు గమ్మున కూర్చోండమ్మా, కదలొద్దు. నేను సూసుకుంటాను.”

మునిచంద్ర ముఖం కందిపోయింది. పిడికిళ్ళు బిగుసుకున్నాయి. చూపు తలుపు మీదికి పోయింది. ఆ చూపు తరగతిలో అందరికీ తెలిసిందే, నిరుడు ఆ తలుపుకు కొత్త బందులు వేయించింది దాని మూలానే. ఇంకొక్క క్షణం ఆగితే తలుపు పోతుంది, పీరియడ్ పోతుంది, టీసీ చేతికొచ్చి పిల్లవాడూ పోతాడు.

నల్లబల్ల కింద సుద్దముక్క ఉంది. నాలుగు మాటలు రాస్తే గొడవ తీరిపోతుంది. పంకజాక్షి చెయ్యి అటు చాచి, ఆగింది. ఇన్నాళ్ళూ నేర్పింది వాడికి వచ్చిందో లేదో తెలిసేది ఇప్పుడే. రెండు చేతులూ పైకెత్తి, పిల్లవాడి కళ్ళలోకి చూస్తూ ఒక్కొక్క వేలే ముడిచింది.

మునిచంద్ర చూశాడు. ఊపిరి పీల్చాడు. “ఒకటి” అంది వెనక నుంచి భానుప్రియ. “రెండు” అన్నారు నలుగురు. “మూడు” దగ్గరికి తరగతంతా కలిసింది. పది అయ్యేవరకు మునిరామయ్యగారికి మాట్లాడే సందు దొరకలేదు. లెక్కల మాస్టారు కావడంతో అంకెలకు అడ్డుపడటం ఆయనకు చేతకాలేదు.

పిడికిళ్ళు విప్పి మునిచంద్ర నిదానంగా అన్నాడు. “సార్, ఏం జరిగిందో అడక్కుండానే మీరు నన్ను ‘కొట్టినావు’ అంటా ఉండారు. నాకు శానా బాధగా ఉండాది. కోపం గూడా వస్తా ఉండాది. మేడంను ఒక్క మాట అడగండి సార్.”

“ఆమె మాట్లాడలేదు కదరా!”

“అవునా కాదా అని అడగండి సార్. తలకాయ ఊపుతారు.”

మునిరామయ్యగారు పంకజాక్షివైపు తిరిగారు. “ఈడు కొట్టినాడామ్మా?” ఆమె తల అడ్డంగా ఊపింది. నెత్తిమీది ముడి చెవులు అటూ ఇటూ కొట్టుకున్నాయి. “బంతి గానీ తగిలిందా?” మళ్ళీ అడ్డంగా ఊపింది. భానుప్రియ లేచి నిలబడింది. “సార్, ఏమో అని మొదట చెప్పింది నేనే. ఏమో అన్నది ఎవరూ వినలేదు. మునిచంద్రా, సారీ.”

మునిరామయ్యగారు నుదురు పట్టుకున్నారు. ఆయనకు రక్తపోటు ఉంది. అది ఎరిగిన పిల్లలు కుర్చీ జరిపి కూర్చోబెట్టి, “ముక్కుతో పీల్చండి సార్, నోటితో వదలండి” అని లెక్కపెట్టారు. ఆయన పీల్చారు, వదిలారు, మళ్ళీ పీల్చారు. ముఖంలో ఎరుపు దిగింది. “ఒరే మునిచంద్రా, తప్పు నాదేరా” అన్నారు. ఆ బడి కట్టినప్పటి నుంచి ఆ గోడలు ఆ మాట వినలేదు. మునిచంద్ర కళ్ళు తుడుచుకున్నాడు. పంకజాక్షికి ఆనందంతో కేక పెట్టాలనిపించింది, దవడ రానివ్వలేదు.

అప్పుడు చివరి బెంచీ నుంచి చప్పట్లు వినిపించాయి.

అక్కడొక ఆవిడ కూర్చుని ఉంది. ఎవరి తల్లో అనుకుని పిల్లలు ఆమెను పట్టించుకోలేదు. కోపంలో ఉన్న మునిరామయ్యగారు అసలు చూడనే లేదు. ఆవిడే జిల్లా అధికారి రెబెకా. కారు కోసం కాచుకోకుండా బస్సు దిగి, నేరుగా తరగతికి వచ్చి కూర్చున్నారు.

“నేను చూసిన పాఠాల్లో ఇంత గొప్పది లేదమ్మా” అన్నారామె కళ్ళు మెరుస్తుండగా. “టీచరు నోరు కట్టేసుకుని పిల్లల చేత మాట్లాడించడం! ఏం ఆలోచన! నాటకం కూడా ఎంత సహజంగా ఉంది! ఆ కోపిష్ఠి హెడ్మాస్టరు వేషం వేసిన ఆయన ఎవరండీ?”

మునిరామయ్యగారు కళ్ళు మూసుకుని పది లెక్కపెట్టారు.

“నేనేనండీ” అన్నారు. ఒక్కసారి గొంతు సవరించుకుని, ఎవరూ అడక్కుండానే, “ఈ పీరియడ్ ఉండల్ల మేడం. వారానికి రెండు చేసినా నాకు అభ్యంతరం లేదు. రెండోదానికి నేనూ వచ్చి కూర్చుంటాను” అన్నారు. పిల్లల ఈలలకు పక్క తరగతి పిల్లలు కిటికీల దగ్గరికి పరిగెత్తుకొచ్చారు.

సరిగ్గా అప్పుడే గుమ్మంలో శకుంతలమ్మ, చేతిలో గంజి క్యారియరుతో. వెనక చిన్నబ్బ, చేతిలో ఆరు కోడిగుడ్లతో.

“సాయంత్రం దాకా ఆగలేకపోయినానమ్మా, అక్క మనసు ఒప్పలేదు” అన్నాడు చిన్నబ్బ గుడ్డు కొట్టడానికి బెంచీ అంచు వెతుకుతూ. “రెండో పూత ఇప్పుడే వేసేద్దాం.”

పంకజాక్షి అత్తను చూసింది. అత్త కళ్ళలో మళ్ళీ నీళ్ళు సిద్ధంగా ఉన్నాయి. పక్కకు చూస్తే మునిచంద్ర రెండు చేతులూ పైకెత్తి, ఆమె వంక చూస్తూ ఒక్కొక్క వేలే ముడుస్తున్నాడు.

పది అయింది. పంకజాక్షి గుండెల నిండా ఊపిరి పీల్చి, ఉన్న బలమంతా దవడలోకి తెచ్చుకుంది. ఎండిన సొన పటపటమని పగిలి పెచ్చులుగా రాలింది, గుడ్డ సడలి గడ్డం కిందికి జారింది.

“వద్దు!”

కిటికీల దగ్గరి పిల్లలు కూడా ఉలిక్కిపడ్డారు. ఆమె గొంతు తగ్గించి, అత్త చేయి పట్టుకుంది. “అత్తా, నువ్వు ప్రేమతోనే చేసినావు. కానీ నా దవడకేం కాలేదు. నన్ను అడగకుండా కట్టేసరికి నాకు శానా కష్టంగా ఉండింది. ఇంక ఏం చేసినా ముందు నన్నడుగు. తలకు ఆముదం గూడా.”

శకుంతలమ్మ కోడలి ముఖంలోకి తొంగి చూసింది. గడ్డం పట్టుకుని అటు తిప్పింది, ఇటు తిప్పింది. ఆ తర్వాత కొంగుతో కళ్ళు తుడుచుకుని, విజయగర్వంతో తమ్ముడి వైపు తిరిగింది.

“సూసినావురా చిన్నబ్బా నీ చేతి మహిమ! ఎనిమిదేండ్లుగా రాని మాట ఒక్క పూట కట్టుకే వచ్చేసింది.”