టీకాలాయన గుమ్మానికి వేపమండ

ఆ ఆదివారం పొద్దున అంబదాస్ వేసుకున్న ఎత్తు చాలా చిన్నది. పెరటి చెట్టు నుంచి ఒక వేపమండ విరవాలి, దాన్ని ఇంటి గుమ్మానికి కట్టాలి, కట్టి ఓ వారం రోజులు హాయిగా పడుకోవాలి. ఇంత చిన్న ఎత్తు చెడిపోవడానికి సందే లేదని అతను మనస్ఫూర్తిగా నమ్మాడు.

మందమర్రి బొగ్గుబావుల పనివాళ్ల ఇళ్ల లైన్లలో ఆ ఎండాకాలం మశూచి తిరుగుతోంది. మశూచి అనేది దవాఖాన మాట. లైన్లలో మాత్రం తల్లి పోసిందనే అంటారు. అంబదాస్ అక్కడ టీకాలు వేసేవాడు. పొద్దు పొడవకముందే టీకాల పెట్టె చంకన పెట్టుకుని బయలుదేరాలి. షిఫ్టు దిగినవాళ్లు నిద్రలో ఉంటారు, ఎక్కబోయేవాళ్లు తలుపు తీయరు, మంచాల కింద దూరినవాళ్లను బతిమాలి బయటికి రప్పించి రెక్క మీద సూదితో గీరాలి. పిల్లలు పోయిన ఇళ్ల ముందు నుంచి తల వంచుకుని నడవాలి. ఆ తల్లుల ఏడుపు ఇంటికొచ్చాక కూడా అతని చెవుల్లో నుంచి పోయేది కాదు.

ఇంటికి వచ్చి కంచం ముందు కూర్చుంటే ముద్ద చేతిలో ఉండగానే నిద్ర పట్టేసేది. నిద్ర పట్టని రోజుల్లో మరో కష్టం. మనసు భార్య వైపు తిరిగినా ఒళ్లు సమ్మె కట్టేది. బావిలో సమ్మె అయితే యూనియన్ వాళ్లను పిలిచి మాట్లాడవచ్చు, ఈ సమ్మెకు ఎవరిని పిలవాలో అతనికి తెలియలేదు.

నర్మద మాఘమాసంలో కాపురానికి వచ్చింది. కొన్నాళ్లు ఓపిక పట్టింది. ఇంకొన్నాళ్లు అద్దంలో చూసుకుంది. శనివారం మాత్రం తేల్చి చెప్పింది.

"రేపు ఐతారం నీకు సెలవున్నది గద. నేనంటే ఇష్టమున్నదో లేదో రేపు తెలుస్తది. లేకుంటె సోమారం బండికి మా బాపు ఇంటికి పోత."

అంబదాస్‌కు ఆమె అంటే ప్రాణం. ఆ మాట చెప్పడం తేలికే. ఇష్టముంటే మరి ఇదేమిటని ఆమె అడిగితే చెప్పాల్సిన మాటే గొంతు దాటి రావడం లేదు. అందుకని రాత్రంతా ఆలోచించి ఆ అమ్మవారినే, తల్లినే, శరణు వేడాడు. గుమ్మానికి వేపమండ కడితే ఆ ఇంట్లో తల్లి ఉన్నట్టే లెక్క. తల్లి ఉన్న ఇంట్లో మొగుడూ పెళ్లాలు ఎడంగా పడుకోవాలి. పోపు పెట్టకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, ఆ ఇంటి నుంచి ఎవరూ ఊరు దాటకూడదు. ఒక్క మండతో పరువూ దక్కుతుంది, పెళ్లామూ దక్కుతుంది.

వాకిలి ఊడ్వడానికి వచ్చిన నర్మద గుమ్మం వైపు చూసి చీపురు కింద పెట్టింది.

"గిదేంది?"

"తల్లి పోసింది," అని అంబదాస్ మెడ కింద ఎర్రటి పొక్కులు చూపించాడు.

"గవి చెమటకాయలు గద."

"తల్లి గట్లనే షురూ అయితది. రోజు చూసేటోన్ని, నాకు ఎర్కలేదా?"

ఆమె నమ్మింది. మంచం చల్లటి మూలకు జరిపి, వేపాకు పరిచి, మజ్జిగన్నం పెట్టింది. చాలా రోజుల తర్వాత అంబదాస్ ఎవరికీ భయపడకుండా కళ్లు మూసుకున్నాడు. మండ ఎవరి గుమ్మానికి కట్టానన్న సంగతి ఒక్కటే అతను ఆలోచించలేదు.

పక్కింటి కిష్టవ్వ నల్లా దగ్గరికి పోతూ ఆ మండ చూసింది. బిందె నిండేలోపు లైను మొత్తానికి తెలిసింది.

"టీకాలేసెటాయనకే తల్లి పోసిందట. ఇగ గా టీకా ఎందుకే?"

అడగవలసిన ప్రశ్నే మరి. నిన్న గీరించుకున్నవాళ్లు టీకా పోవాలని పసుపు నీళ్లతో చేతులు తోముకున్నారు. గీరించుకోనివాళ్లు తమ తెలివికి తామే మురిసిపోయారు. బొగ్గు కొట్టే సాంబయ్యకు మాత్రం ఒళ్లు మండిపోయింది. అతన్ని రెండు రోజుల కిందటే మంచం కింద నుంచి లాగి గీరాడు అంబదాస్.

"సూదులు పెట్టి తల్లిని ఎల్లగొట్టాలని చూసిండు. గందుకే తల్లి సీదా ఆయన ఇంటికే వచ్చింది," అని సాంబయ్య తీర్పు చెప్పాడు.

మధ్యాహ్నానికి డప్పుతో సహా జనం వచ్చారు. కిష్టవ్వ ముందుకొచ్చి, నిద్రపోతున్న అంబదాస్ నెత్తిన కడివెడు పసుపు నీళ్లు కుమ్మరించింది. అతను ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు.

"తల్లీ, మేమేం తప్పు చేసినం?" అని కిష్టవ్వ దండం పెట్టి అడిగింది.

రోట్లో తల పెట్టాక రోకటి పోటుకు వెరవకూడదంటారు. అంబదాస్ వెరిచాడు. ఏం చెప్పాలో తోచక నోరు మూసుకున్నాడు. ఆ మౌనాన్ని అందరూ తల్లి కోపం కింద జమ కట్టారు.

"తల్లికి సూదుల మీద కోపమున్నది. గా పెట్టె తీసుకపోయి పాతబాయిల పడేద్దాం పాండ్రి," అన్నాడు సాంబయ్య.

ఆ మాట వినేసరికి అంబదాస్‌కు నిజంగానే ఒళ్లు తెలియలేదు. ఆ పెట్టె పోతే కింది లైన్లో పసిపిల్లలకు ఇంకేం మిగలదు. తడి ధోవతితో, ఎర్రబడ్డ కళ్లతో మంచం మీద నిలబడి గట్టిగా అన్నాడు.

"ఎవ్వలన్న పెట్టె ముడితె మంచిగుండదు."

డప్పు ఆగింది. తల్లి పలికింది. సాంబయ్య లెంపలు వాయించుకుని, పెట్టెకు కుంకుమ బొట్లు పెట్టి, వేపమండ కింద పీట వేసి దాని మీద కూర్చోబెట్టాడు. పెట్టె బతికింది కానీ ఇక దాన్ని తెరిచే ధైర్యం ఎవరికీ లేకపోయింది, అంబదాస్‌కు కూడా.

కబురు దవాఖానకు చేరింది. డాక్టర్ దేవదాస్ గుంటూరు వైపు నుంచి వచ్చిన మనిషి, పని తప్ప వేరే లోకం లేనివాడు. వస్తూనే అందరినీ బయటికి పంపి, అంబదాస్ మెడ చూశాడు.

"ఇవి చెమటకాయలు."

"అవును సార్."

"లైన్ల నిండా జనం చేతులు తోముకుంటున్నారయ్యా. టీకా పని చేయలేదని రేపు జిల్లా అంతా అంటుంది. ఎందుకు చేశావీ పని?"

అంబదాస్ తల వంచుకున్నాడు. ఉద్యోగం పోయినా సరే, ఇక దాచే ఓపిక లేదు.

"మా ఇంటామె ముంగట తలెత్తుకోలేకపోతున్న సార్. ఆమె అంటె పానం. కని పక్కకు పోతె ఒళ్లు మాట ఇంటలేదు."

డాక్టర్ కోపం చల్లారింది. మంచం అంచున కూర్చున్నాడు.

"ఎప్పటి నుంచి?"

"తల్లి లైన్లకు వచ్చినప్పటి సంది."

డాక్టర్ కళ్లద్దాలు తీసి తుడిచాడు. "అది రోగం కాదయ్యా. నిద్ర లేకుండా రోజూ చావులు చూసేవాడి ఒళ్లు అలాగే ఎదురు తిరుగుతుంది. పుస్తకాల్లో ఉంది." గొంతు తగ్గించాడు. "పుస్తకాల్లోనే కాదు. మా ఆవిడ నాతో మాట్లాడి వారమైంది."

డాక్టర్ గుమ్మానికి వేలాడుతున్న మండ వైపు తిరిగాడు.

"ఈ మండ కడితే ఇంట్లో ఏమీ అడగరా?" అన్నాడు డాక్టర్.

"అడుగరు సార్. ఎడంగ పండుకోవాలె."

"పుట్టింటికి పోవడం కూడా ఉండదా?"

"ఉండదు సార్."

"ఆచారాలన్నీ మూఢమైనవని చెప్పలేం," అన్నాడు డాక్టర్. ఆ ఊరికి వచ్చాక ఆయన అక్కడి ఆచారాన్ని మెచ్చుకోవడం అదే మొదలు.

తడిక వెనుక నర్మద అంతా విన్నది. మజ్జిగ చెంబుతో లోపలికి వచ్చింది. కళ్లు తడిగా ఉన్నాయి.

"అయితె నేను నచ్చక కాదు."

"కాదు నర్మదా."

"గా ఒక్క ముక్క చెప్పనీకె తల్లిని పిలుస్తివా?"

జవాబు కోసం ఆగకుండా వాకిట్లోకి వెళ్లి, మండకు దండం పెట్టి, విప్పేసింది. జనం వైపు తిరిగింది.

"తల్లి పోయింది. పొద్దున వచ్చింది, మా ఆయన చేతి మీద టీకా మచ్చ చూసింది, గీడ నాకేం పని లేదని పగటీలికే ఎల్లిపోయింది. డాక్టర్ సాబ్ చూసిండు, ఒంటి మీద ఒక్క పొక్కు లేదు," అంది. చెమటకాయలు తల్లి పొక్కుల కింద రావు కాబట్టి డాక్టర్ కూడా నిజాయితీగా తలూపాడు.

కిష్టవ్వ అందరికన్నా ముందు చేయి చాపింది. ఆమె వెనుక వరస నల్లా దాటి, దుకాణం దాటి, మలుపు తిరిగింది. ఇన్నాళ్లూ మంచాల కింద నుంచి లాగినవాళ్లే ముందు నాకంటే ముందు నాకని తోసుకున్నారు. సాంబయ్య రెండో రెక్క కూడా చూపించాడు. వారం రోజుల విశ్రాంతి కోసం లేచిన అంబదాస్, తడి ధోవతి ఒంటి మీదే ఆరిపోగా, దీపాలు పెట్టేవేళ దాకా గీరుతూనే ఉన్నాడు.

అన్నం ముందు కూర్చున్నాడు. ముద్ద చేతిలో ఉండగానే తల వాల్చాడు. నర్మద ఆ ముద్ద తీసి, అతని చేయి కడిగి, తల కింద దిండు పెట్టింది. సోమవారం బండి కూత వేసినప్పుడు ఆమె పొయ్యి దగ్గర పోపు పెడుతోంది.

ఆ పొద్దున్నే ఎటు వైపు లైన్లకు పోవాలో అడగడానికి అంబదాస్ డాక్టర్ బంగళాకు వెళ్లాడు. ఆదివారం ప్రార్థన ఏనాడూ తప్పని ఆ ఇంటి గుమ్మానికి, శిలువ బొమ్మ కిందుగా, పచ్చి వేపమండ వేలాడుతోంది.